గది కాదు.. నిద్ర ఇవ్వాలి!
* అతిథి మళ్లీ రావాలంటే గాలి, వెలుతురు, నిశ్శబ్దమే పెట్టుబడి
* కోనసీమ లోగిళ్లలోనే లాడ్జీలకు పాఠాలు
* కొద్దిపాటి మార్పులతో అతిథులకు ఆరోగ్యం, యజమానులకు ఆదాయం

అమలాపురం: సంక్రాంతి వచ్చిందంటే కోనసీమలో అద్దె గదులకు ఎక్కడలేని గిరాకీ ఏర్పడుతుంది. హైదరాబాద్‌, బెంగళూరు, చెన్నై నగరాల నుంచే కాక విదేశాల నుంచి సైతం బంధుమిత్రులు తరలివస్తారు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, మాఘమాసంలో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, ఏడాది పొడవునా అయినవిల్లి, అప్పనపల్లి దర్శనాలు.. ఈ రద్దీలో ఎలాంటి గది అయినా నిండుతుంది. అసలు పరీక్ష పండగ వెళ్లిన మర్నాడు మొదలవుతుంది. ఒకసారి వచ్చి వెళ్లిన అతిథి మళ్లీ ఎందుకు రావాలి? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పలేని లాడ్జీలు పండగ పది రోజుల సంపాదనతో ఏడాదంతా నెట్టుకురావాల్సిందే.

సమాధానం కోసం చాలామంది యజమానులు ముందుగా చేసే పని.. భవనం ముందు నీలిరంగు అద్దాలు బిగించడం, గదుల్లో రంగుల దీపాలతో ఫాల్స్‌ సీలింగ్‌ వేయించడం. లక్షలు ఖర్చవుతాయి. అతిథికి కావలసినది మాత్రం అక్కడ ఉండదు. ఈ విషయంలో ఈ విలేకరికి ఒక చేదు అనుభవం ఉంది. కొన్నేళ్ల క్రితం మేనత్తను వెంటబెట్టుకుని వేరే జిల్లాలోని ఒక పుణ్యక్షేత్రానికి వెళ్లి, అక్కడ కొత్తగా కట్టిన లాడ్జిలో దిగడం జరిగింది. నున్నటి పాలరాతి నేల, గోడంత అద్దం, తెరుచుకోని కిటికీ. ‘‘గది నిండా అద్దాలే గానీ గాలాడటం లేదురా అబ్బాయ్‌’’ అంటూ ఆమె రాత్రంతా మేలుకునే ఉన్నారు. తెల్లవారుజామున స్నానాల గదికి వెళ్తూ గడప వద్ద నాలుగంగుళాల ఎత్తు తేడా చీకట్లో కనిపించక తూలిపడ్డారు. మణికట్టు విరిగింది. దర్శనం కాకుండానే ఇంటిముఖం పట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆమె మరే ఊళ్లోనూ రాత్రి బస చేయడానికి ఒప్పుకోలేదు.

ఆ లాడ్జిలో లోపించింది డబ్బు కాదు, ఆలోచన. గది కట్టేటప్పుడు అందులో పడుకోబోయే మనిషిని దృష్టిలో పెట్టుకుంటే చాలు, సగం సమస్యలు పుట్టనే పుట్టవు. ఆ ఆలోచన ఎలా ఉండాలో ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

మెదడు కాపలా కాస్తుంది

కొత్త చోట మొదటి రాత్రి నిద్ర పట్టదని మన పెద్దలు అనడం తెలిసిందే. దీనికి శాస్త్రీయ కారణం ఉంది. అమెరికాలోని బ్రౌన్‌ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అపరిచిత ప్రదేశంలో మొదటి రాత్రి గాఢనిద్రలో సైతం మెదడులోని ఎడమ భాగం పూర్తిగా విశ్రమించదు. ఒక రకంగా కాపలా కాస్తుంటుంది. అలికిడి అయితే వెంటనే మేల్కొలుపుతుంది. రెండో విడతగా అదే చోట నిద్రించినప్పుడు ఈ తేడా కనిపించలేదు.

కోనసీమకు వచ్చే అతిథుల్లో ఎక్కువ మంది ఉండేది ఒకటి రెండు రాత్రులే. అంటే లాడ్జి యజమాని ఎదుర్కోవలసినది ఎప్పుడూ ఆ ‘మొదటి రాత్రి’నే. ఇంట్లో పట్టించుకోని చిన్న శబ్దం కూడా ఆ రాత్రి నిద్ర చెడగొడుతుంది. కనుక అతిథి మర్యాదలో మొదటి స్థానం నిశ్శబ్దానిదే.

నిశ్శబ్దానికీ లెక్కుంది

నిద్రకు భంగం కలగకుండా ఉండాలంటే పడక గదిలో శబ్దం 30 డెసిబెల్స్‌ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో సూచించింది. మన దేశంలో శబ్ద కాలుష్య నియంత్రణకు 2000వ సంవత్సరంలో వచ్చిన నిబంధనల ప్రకారం రాత్రివేళ నివాస ప్రాంతాల్లో 45, వాణిజ్య ప్రాంతాల్లో 55 డెసిబెల్స్‌ వరకు పరిమితి ఉంది. లాడ్జీలు ఎక్కువగా బస్టాండ్లు, ప్రధాన రహదారుల పక్కనే వెలుస్తున్నాయి. అంటే వీధిలో నిబంధన అమలైనప్పటికీ, గదిలోకి వచ్చే శబ్దాన్ని తగ్గించే బాధ్యత కట్టడంపైనే పడుతుంది.

శబ్దం వచ్చే దారులు ప్రధానంగా నాలుగు. తలుపు కింది సందు, సరిగా మూసుకోని కిటికీ, రెండు గదుల మధ్య నాలుగున్నర అంగుళాల పలుచటి గోడ, వరండాలో పెద్దగా మోగే మాటలు. తలుపు కింద రబ్బరు పట్టీ, రెక్కల అంచులకు బీడింగు బిగిస్తే శబ్దం గణనీయంగా తగ్గుతుంది. పక్క గదితో కలిసి ఉండే గోడ వైపు మంచం తల పెట్టకుండా బీరువా అమర్చడం మరో ఉపాయం. జనరేటరు, ఏసీల బయటి యంత్రాలు పడక గది కిటికీల ఎదుట ఉండకూడదు. కింద కల్యాణ మండపం, పైన గదులు ఉన్న భవనాల్లో మాత్రం ఈ చిట్కాలు చాలవు. రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు బహిరంగ ప్రదేశాల్లో మైకులు వాడరాదన్న నిబంధనను యాజమాన్యమే నిక్కచ్చిగా పాటించాలి. ముహూర్తాల రోజుల్లో గది కోరిన అతిథికి ఆ సంగతి ముందే చెప్పడం నిజాయతీ అనిపించుకుంటుంది.

ఏసీ ఉంటే గాలి ఉన్నట్లు కాదు

గదిలో ఏసీ ఉంది కదా, కిటికీ ఎందుకని ప్రశ్నించేవారు ఉన్నారు. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతోంది. సాధారణ స్ప్లిట్‌ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే చల్లబరచి తిప్పుతుంది. తలుపులు బిడాయించిన చిన్న గదిలో నలుగురు పడుకుంటే తెల్లవారేసరికి తలనొప్పి, బడలిక కలగడానికి ఇదొక కారణం.

కోనసీమ వంటి తేమ ప్రాంతంలో దీనికి బూజు తోడవుతుంది. స్నానాల గది ఆవిరి బయటికి పోయే దారి లేకపోతే చెమ్మ గోడలకు పడుతుంది. బీరువా వెనుక, పరుపు అడుగున, కర్టెన్ల అంచుల్లో బూజు పెరుగుతుంది. తలుపు తీయగానే ముక్కవాసన కొట్టే గదుల రహస్యం ఇదే. ఉబ్బసం ఉన్నవారికి ఆ గది హాని చేస్తుంది. సుగంధ ద్రవ్యాలు చల్లితే వాసన కప్పబడుతుందే గానీ బూజు పోదు. అతిథి గది ఖాళీ చేయగానే కిటికీలు తెరిచి ఎండ, గాలి తగలనివ్వాలి. స్నానాల గదిలో ఎగ్జాస్ట్‌ ఫ్యాను తప్పనిసరి. మంచాలు, బీరువాలు గోడకు ఆనకుండా నాలుగంగుళాలు ఎడంగా ఉంచాలి. తేమ గోడలపై అందమైన కాగితాలు అతికించడం బూజుకు ఆశ్రయమిచ్చినట్లే.

మండువా చెప్పే పాఠం

ఈ సమస్యలన్నిటికీ మన పూర్వులు ఏనాడో పరిష్కారం కనుగొన్నారు. గోదావరి సీమలోని మండువా లోగిళ్లే ఇందుకు నిదర్శనం. ఇంటి నడుమ ఆకాశం కనిపించే ఖాళీ జాగా. దాని చుట్టూ వసారాలు, వాటి వెనుక గదులు. వేడెక్కిన గాలి తేలికై మండువా గుండా పైకి పోతుంది. ఆ ఖాళీని నింపేందుకు వీధి వైపు నుంచి, పెరటి చెట్ల నీడ నుంచి చల్లని గాలి లోపలికి వస్తుంది. వీధి వాకిలి నుంచి పెరటి గుమ్మం దాకా ద్వారాలను ఒకే వరుసలో నిలపడంలోని అంతరార్థం ఇదే. వాలుగా దిగిన పెంకుల చూరు గోడలపై ఎండ పడనివ్వదు. అరుగులు వచ్చిన వారికి విశ్రాంతినిస్తాయి.

1996 నవంబరు తుపాను విధ్వంసాన్ని చవిచూసిన నేల ఇది. కనుక పాత కట్టుబడిని ఉన్నదున్నట్లు తిరిగి కట్టాలని ఎవరూ చెప్పరు. గట్టి పునాది, కాంక్రీటు చట్రం అవసరమే. అయితే వాటితో పాటు మండువా సూత్రాన్ని కలుపుకోవడానికి అడ్డేమీ లేదు. నాలుగు అంతస్తుల భవనమైనా నడుమ వెలుతురు బావి వదలవచ్చు. ప్రతి గదికీ ఎదురెదురుగా గాలి దారులు ఉంచవచ్చు. పడమటి గోడకు వరండా గానీ ఇటుక జాలీ గానీ నీడనిస్తే మధ్యాహ్నం ఎండ గదిని కాల్చదు. పై అంతస్తు స్లాబుకు తెల్లసున్నం లేదా ఎండను వెనక్కి మళ్లించే తెల్లరంగు వేస్తే కింది గది వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఈ చల్లని పైకప్పుల కోసం ప్రత్యేక విధానాన్నే ప్రకటించింది. ఏసీ నడిచే సమయం తగ్గితే కరెంటు బిల్లూ తగ్గుతుందన్నది యజమానులు గమనించాల్సిన లాభం.

పచ్చదనం మందులాంటిది

కిటికీలోంచి కనిపించే దృశ్యం మనిషి ఆరోగ్యంపై ప్రభావం చూపుతుందా? అమెరికా పరిశోధకుడు రోజర్‌ ఉల్‌రిచ్‌ 1984లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు తొలి ఆధారాల్లో ఒకటిగా నిలిచింది. పెన్సిల్వేనియాలోని ఒక ఆస్పత్రిలో పిత్తాశయ శస్త్రచికిత్స జరిగిన 46 మంది రికార్డులను ఆయన పోల్చి చూశారు. కిటికీలోంచి చెట్లు కనిపించిన వారు, ఇటుక గోడ మాత్రమే కనిపించిన వారికంటే త్వరగా ఇంటికి వెళ్లారు. ఘాటైన నొప్పి మందుల అవసరం కూడా వారికి తక్కువగానే పడింది.

పొరుగున ఉన్న శ్రీలంకలో ఈ సూత్రాన్ని హోటల్‌కు అన్వయించిన ఘనత ప్రసిద్ధ వాస్తుశిల్పి జెఫ్రీ బావాది. దంబుల్ల సమీపంలో 1994లో ప్రారంభమైన కందలమ హోటల్‌ను ఆయన కొండను ఆనుకుని, చెరువుకు అభిముఖంగా నిర్మించారు. కొండను తొలిచి చదును చేయలేదు. స్తంభాలపై భవనాన్ని లేపి వాన నీరు కిందుగా పారే దారి వదిలారు. తీగలు, చెట్లు అల్లుకోవడంతో దూరం నుంచి చూస్తే భవనం అడవిలో కలిసిపోయి ఉంటుంది. ప్రపంచం నలుమూలల నుంచి పర్యాటకులు ఆ పచ్చదనాన్ని వెతుక్కుంటూ వస్తున్నారు.

కోనసీమకు ఆ సంపద పుట్టుకతోనే ఉంది. కొబ్బరి తోటలు, కాలువలు, వశిష్ట, వైనతేయ, గౌతమి పాయలు. అయినా చెట్లు నరికి, స్థలమంతా సిమెంటు పరచి, ఆ తర్వాత రిసెప్షన్‌లో ప్లాస్టిక్‌ మొక్కలు పెట్టడం విడ్డూరం. నాలుగు కొబ్బరి చెట్లు, కిటికీ ముందు ఒక నందివర్ధనం, పెరట్లో అరటి గుబురు మిగల్చగలిగితే అంతకు మించిన అలంకరణ లేదు.

వెలుతురు ఎప్పుడు, ఎంత?

మన శరీరంలో ఒక గడియారం ఉంది. పగటి వెలుతురు, రాత్రి చీకటి దాన్ని నడిపిస్తాయి. దాని పనితీరును వివరించిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో వైద్యరంగంలో నోబెల్‌ బహుమతి లభించింది. రాత్రివేళ తీక్షణమైన తెల్లని కాంతి నిద్రకు తోడ్పడే మెలటోనిన్‌ విడుదలను అణచివేస్తుంది. అయినప్పటికీ మన లాడ్జీల్లో ఎక్కువగా కనిపించేది 6500 కెల్విన్‌ తెల్లని బల్బులే. బల్బు అట్టపెట్టెపై 2700 లేదా 3000 కెల్విన్‌ అని ఉన్న పసుపుఛాయ బల్బులను మంచం పక్కన అమర్చుకోవచ్చు. ధరలో పెద్ద తేడా ఉండదు. మంచంపై నుంచే అన్ని దీపాలనూ ఆర్పే స్విచ్చు, తెల్లవారుజామున వీధి దీపం కళ్లలో పడకుండా దట్టమైన తెర ఉండాలి. స్నానాల గది దారిలో నేలకు దగ్గరగా చిన్న రాత్రి దీపం ఉంటే మా మేనత్తకు జరిగిన ప్రమాదం మరొకరికి జరగదు.

స్నానాల గదే కొలబద్ద

పుణ్యక్షేత్రాలకు వచ్చేవారిలో వృద్ధుల సంఖ్య ఎక్కువ. వారి భయం అంతా జారిపడటం గురించే. స్నానాల గదిలో నున్నటి పలకల బదులు గరుకు పలకలు పరచాలి. కమోడ్‌ పక్కన, స్నానం చేసే చోట గోడకు గట్టిగా బిగించిన స్టీలు కడ్డీలు ఉండాలి. కూర్చుని స్నానం చేసేందుకు ఎత్తు పీట, పిలిస్తే పలికే గంట స్విచ్చు ఉంటే వృద్ధులకు కొండంత ధైర్యం. నీళ్లు నిలవకుండా వాలు సరిగా ఉండాలి. గడప ఎత్తు తేడా ఉన్నచోట పసుపురంగు పట్టీ వేయాలి. చక్రాల కుర్చీ కోసం వాలుబాట కట్టేటప్పుడు అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవు ఉండాలన్నది ప్రమాణం. నిటారుగా కట్టిన వాలుబాట మెట్లకంటే ప్రమాదకరం. కింది అంతస్తులో కనీసం ఒకటి రెండు గదులను ఈ విధంగా తీర్చిదిద్ది, వాటిని వృద్ధులకే కేటాయించడం మేలు.

వేడినీటి కోసం గ్యాస్‌ గీజర్‌ను స్నానాల గదిలో పెట్టడం ప్రాణాంతకం. గాలి ఆడని చోట అది వెలువరించే కార్బన్‌ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. ప్రమాదం తెలిసేలోపే మనిషి స్పృహ కోల్పోతాడు.

మూసి ఉన్న గదుల నీటితో జాగ్రత్త

పండగ ముందు వరకు నెలల తరబడి తాళం వేసి ఉంచిన గదులను ఒక్కసారిగా తెరవడం ఇక్కడ మామూలే. ఈ అలవాటులో కనిపించని ముప్పు ఉంది. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక హోటల్‌లో జరిగిన మాజీ సైనికుల సమావేశం తర్వాత అంతుచిక్కని న్యుమోనియా ప్రబలి 29 మంది మరణించారు. దానికి కారణమైన సూక్ష్మజీవికి లెజియొనెల్లా అని పేరు పెట్టారు. ఇది 20 నుంచి 45 డిగ్రీల సెల్సియస్‌ మధ్య నిల్వ ఉన్న నీటిలో వృద్ధి చెందుతుంది. షవరు తుంపరలను పీల్చినప్పుడు ఊపిరితిత్తుల్లోకి చేరే అవకాశం ఉంది. వృద్ధులు, పొగతాగేవారు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారికి ముప్పు ఎక్కువ.

నివారణ కష్టమేమీ కాదు. చాలాకాలం వాడని గదుల్లో అతిథి రాకముందే కిటికీ తెరిచి, కుళాయిలు, షవర్ల నుంచి కొన్ని నిమిషాల పాటు నీటిని వదిలేయాలి. షవరు తలలను విప్పి శుభ్రం చేయాలి. పైకప్పు ట్యాంకులకు మూత ఉండాలి. వాటిని క్రమం తప్పకుండా కడిగించాలి. గీజర్లలో నీరు 60 డిగ్రీల వద్ద నిల్వ ఉంచి, చన్నీటితో కలిపి వాడుకునే ఏర్పాటు చేయాలి. తీర మండలాల్లో భూగర్భ జలాలు ఉప్పగా ఉండే చోట్ల తాగునీటిని ఏ ఏర్పాటు ద్వారా అందిస్తున్నదీ గదిలో రాసి ఉంచితే అతిథి నిశ్చింతగా తాగుతాడు.

ప్రాణరక్షణే మొదటి మర్యాద

హంగులు ఎన్ని ఉన్నా, ఆపద వేళ బయటపడే దారి లేని గది అతిథికి ఉచ్చు. 2020 ఆగస్టులో విజయవాడలో కొవిడ్‌ బాధితులను ఉంచిన హోటల్‌ భవనంలో జరిగిన అగ్నిప్రమాదం 10 మందిని బలిగొంది. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద విద్యుత్‌ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు చెలరేగి 8 మంది మృత్యువాత పడ్డారు. ఇలాంటి ప్రమాదాల్లో మంటలకంటే పొగే ముందుగా ప్రాణాలు తీస్తుంది. తెరుచుకునే కిటికీ, సామాను అడ్డు లేని రెండో మెట్లదారి, పొగను గుర్తించి మోగే పరికరం, తలుపు వెనుక బయటపడే దారి చూపే పటం ఉండి తీరాలి. గాలి కోసం తెరిచే కిటికీయే ఆపదలో ప్రాణం నిలుపుతుంది. అద్దాల ముసుగు వేసే ముందు యజమానులు ఈ ఒక్క మాట ఆలోచించాలి.

ఆరోగ్యమంటే స్పా ఒక్కటే కాదు

ఆరోగ్య పర్యాటకం అనగానే మసాజ్‌ గది తెరవాలన్న ఆలోచన బలపడుతోంది. శిక్షణ లేని వ్యక్తులతో ఆయుర్వేద చికిత్సలంటూ బోర్డులు పెట్టడం అతిథికీ, ఊరికీ మంచిది కాదు. చికిత్స పేరు పెట్టాలంటే అర్హత గల వైద్యుడు ఉండాలి. అది సాధ్యం కానప్పుడు మన సంప్రదాయంలో ఉన్న సుఖాలను అందిస్తే చాలు. భోగి నాటి తలంటు.. నువ్వుల నూనె, నలుగుపిండి, కుంకుడు పులుసు, ఇత్తడి కాగులో వేడినీళ్లు. దూరదేశాల్లో పెరిగిన మన పిల్లలకు ఇది మరపురాని అనుభూతి అవుతుంది.

ఉదయాన కాలువ గట్టున నడక, దారిలో లేత కొబ్బరి బొండం, టిఫిన్‌కు పనసాకుల బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కబుట్టలు, వెళ్లేటప్పుడు ఆత్రేయపురం పూతరేకులు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ పూతరేకులను తయారు చేసే మహిళలకు, బొండాల రైతుకు, కొబ్బరి పీచు చాపలు నేసేవారికి లాడ్జి చెల్లించే ప్రతి రూపాయీ ఊళ్లోనే తిరుగుతుంది. అతిథి ఒక రాత్రి ఎక్కువ ఉంటే లాభపడేది లాడ్జి యజమాని ఒక్కడే కాదు. ఆటో డ్రైవరు, పడవ సరంగు, పూల దుకాణం.. అందరి ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇవన్నీ ఒకేసారి చేయాలంటే చిన్న యజమానికి భారమే. కనుక వరుస ముఖ్యం. బయటపడే దారి, కడ్డీలు, రాత్రి దీపం, ట్యాంకు శుభ్రత వంటి ప్రాణరక్షణ పనులు మొదట. రబ్బరు పట్టీలు, దట్టమైన తెరలు, పసుపుఛాయ బల్బులు, ఎగ్జాస్ట్‌ ఫ్యాన్లు తర్వాత. కిటికీలు మార్చడం, పడమటి వరండా, వెలుతురు బావి వంటివి మరమ్మతులు లేదా కొత్త కట్టడం చేపట్టినప్పుడు. అద్దాలు, రంగుల దీపాలు ఆఖర్న.

అన్నింటికంటే ముందు ఖర్చు లేని పని ఒకటుంది. లాడ్జి యజమాని తన ఇంటి పెద్దవారిని వెంటబెట్టుకుని, తన లాడ్జిలోనే ఒక గదిలో, ఒక రాత్రి నిద్ర చేయాలి. ఏ శబ్దానికి మెలకువ వచ్చిందో, ఏ స్విచ్చు కోసం తడుముకోవాల్సి వచ్చిందో, ఏ గడప వద్ద కాలు తడబడిందో ఉదయం కాగితంపై రాసుకోవాలి. చేయవలసిన పనుల జాబితా అదే. ఏ కాంట్రాక్టరూ అంతకంటే మంచి అంచనా వేసి ఇవ్వలేడు.